కృష్ణకు కొలత ఉంది, బుడమేరుకు లేదు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో టీవీ పెట్టినవాళ్ల చూపంతా ప్రకాశం బ్యారేజీ మీదే ఉంది. వరద ఎన్ని లక్షల క్యూసెక్కులు దాటింది, ఎగువ నుంచి ఇంకా ఎంత వస్తోంది అంటూ స్క్రోలింగులో అంకెలు మారిపోతూనే ఉన్నాయి. మర్నాటికి ఆ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ చరిత్రలోనే అంత వరద ఎప్పుడూ రాలేదు. అయితే ఊరిని ఎక్కువగా ముంచింది కృష్ణ కాదు. ఊరి పక్కన పారే బుడమేరు అనే వాగు గండ్లు పడి, వెనక నుంచి వచ్చి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేటల మీద పడింది. లక్షల మంది డాబాల మీదా, పై అంతస్తుల్లోనూ చిక్కుకుపోయారు.

ఒకే ఊరు, ఒకే రోజు, రెండు నీళ్లు. కృష్ణ గురించి జనానికి అంతా తెలుసు, బుడమేరు గురించి ఏమీ తెలియదు. ప్రభుత్వానికి మంచిపేరు ఎలా వస్తుంది, ఎలా పోతుంది అన్నది ఈ తేడాలోనే కనిపిస్తుందని నా అభిప్రాయం.

బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలైతే రెండోది. ఏ హెచ్చరికకు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో కృష్ణా కరకట్టకు ఆనుకుని బతికేవాళ్లకు చూసిచూసి అలవాటే. బుడమేరుకూ ఎగువన వెలగలేరు రెగ్యులేటర్ (నీటిని గేట్లతో అదుపు చేసే కట్టడం) దగ్గర నీటిమట్టం కొలుస్తారు. కానీ అది ఇంజినీర్ల రిజిస్టర్లకు సంబంధించిన లెక్క. అక్కడ ఇన్ని అడుగులుంటే సింగ్‌నగర్‌లో ఫలానా వీధిలోకి ఇన్ని గంటల్లో నీళ్లొస్తాయని ఆ వీధివాళ్లకు ముందెప్పుడూ ఎవరూ చెప్పి ఉండలేదు. బుడమేరు కొత్తగా పుట్టిన ప్రమాదమేమీ కాదు. విజయవాడ దుఃఖదాయిని అని దానికి ఎప్పటి నుంచో పేరుంది. 2005లోనూ ముంచింది.

2024లో వరద వచ్చాక ప్రభుత్వం కష్టపడలేదని ఎవరూ అనలేరు. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. పడవలు వచ్చాయి, డ్రోన్లతో భోజనం పొట్లాలు పంపారు, ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడిగించారు. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25 వేలు, మొదటి అంతస్తువాళ్లకు 10 వేలు అని సాయం ప్రకటించారు. ఇంత చేసినా ఆ కాలనీల్లో కెమెరా ఎక్కడ పెట్టినా ముందు వినిపించిన మాట ఒకటే: మాకు ఎవరూ చెప్పలేదు. అన్నం పొట్లం ఒక పూట ఆలస్యమైతే జనం కోప్పడతారు, మళ్లీ సర్దుకుంటారు. ముందే చెప్పి ఉంటే పిల్లల సర్టిఫికెట్లు, బండి, ముసలమ్మ మందులు మేడ మీదికి చేర్చుకునేవాళ్లం కదా అన్న బాధ మాత్రం అంత తేలిగ్గా పోదు.

పద్ధతి తెలియక ఇలా జరిగిందని అనడానికీ లేదు. భద్రాచలం మన కళ్ల ముందే ఉంది. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు భద్రాచలంలో టీ కొట్టు నడిపేవాళ్లూ చెబుతారు, దిగువన కోనసీమ లంకల్లో కొబ్బరి రైతులూ చెబుతారు. అక్కడ మట్టం పెరుగుతోందని తెలియగానే ధవళేశ్వరానికి ఎప్పుడు చేరుతుంది, మన లంకకు ఎప్పుడు వస్తుంది, గొడ్లను గట్టుకు ఎప్పుడు తోలాలి అని లెక్కలు వేసుకుంటారు. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3కి పోయింది. అన్నేళ్లలో ప్రభుత్వాలు ఎన్ని మారినా ఆ 43, 48, 53 మారలేదు. వాటికి ఏ పార్టీ రంగూ లేదు, ఎవరి ఫొటోనూ లేదు. పైగా చెప్పిన ప్రతిసారీ నీళ్లు వచ్చి ఆ మాటను నిజం చేశాయి. అందుకే జనం వాటిని నమ్ముతారు.

రేవుల్లో ఎగరేసే తుపాను సూచికలూ అంతే. మూడో నంబరు అంటే ఏమిటో, పదో నంబరు అంటే ఏమిటో మత్స్యకారుల ఇళ్లలో వేరే వివరించనక్కర్లేదు. ఆ వరసలో చివరిది పదకొండో నంబరు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం మాత్రం ప్రమాదకరంగా మారేలా ఉంది అని దాని భావం. మాకు సమాచారం అందడం లేదు, మీరు జాగ్రత్తగా ఉండండి అని అధికారికంగా చెప్పడానికి ఒక సూచిక పెట్టుకున్నారు చూడండి, అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఇవాళ్టి ప్రభుత్వాల నోట మాత్రం ‘ఇంకా తెలియదు’ అన్న మాట వినడం అరుదు. అంతా అదుపులోనే ఉందంటారు. అక్కడే నమ్మకం పోతుంది.

నమ్మకం పోయినచోట వదంతి పుడుతుంది. బుడమేరు కట్ట మళ్లీ తెగిందని పుకారు లేస్తే, అప్పుడే బురద కడుక్కుంటున్న జనం హడలిపోయారు. నిజం కాదని అధికారులు హడావుడిగా ప్రకటించాల్సి వచ్చింది. మొదటిసారి చెప్పనివాళ్లు రెండోసారి ‘ఏమీ లేదు’ అంటే ఎవరు నిశ్చింతగా ఉంటారు? జనానిది అమాయకత్వం కాదు, అనుభవం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దాదాపు పది వేల మంది పోయారని అధికారిక లెక్క. 1990 మేలో అంతటి తుపానే మళ్లీ కోస్తా మీదికి వస్తే మృతులు వెయ్యికి లోపే. ఈ మధ్యలో షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి, లక్షల మందిని ముందే తరలించారు. అయితే అధికారి వచ్చి ‘ఇల్లు వదిలి రండి’ అంటే జనం కదలడానికి జీపులు, మైకులే కారణం కాదు. దివిసీమ శవాల గుట్టలు ఇంకా కళ్లలో మెదులుతున్న తరం అది. ఆ జ్ఞాపకం ఉన్న తరం ఇప్పుడు తగ్గిపోతోంది. దాని స్థానంలో వేరే ఏదో ఒకటి నిలబడాలి కదా.

2021 డిసెంబరులో జవాద్ తుపాను ఉత్తరాంధ్ర మీదికి వస్తుందని వేల మందిని తరలించారు. అది తీరం చేరకముందే బలహీనపడింది. ఇలాంటప్పుడు మర్నాడు ఊళ్లో ‘అనవసరంగా తిప్పారు’ అని వినిపించడం సహజం. తుపాను ఎందుకు బలహీనపడింది, అయినా తరలించడం ఎందుకు సరైన పనో అదే అధికారి అదే ఊరికి వెళ్లి చెప్పాలి. మనదగ్గర ఆ రెండో ప్రయాణం ఉండదు. ముప్పు తప్పిందని ఒక ప్రెస్‌నోట్ ఇచ్చి ఊరుకుంటారు.

పరికరం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్ వ్యవస్థ ఉన్నా దాన్ని మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. ఇప్పుడు ఫోన్లకు నేరుగా హెచ్చరిక పంపే ఏర్పాటు వచ్చింది. 2023లో దాన్ని పరీక్షించినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్దగా మోగి చాలామంది టెన్షన్ పడ్డారు. మంచి సాధనమే. కానీ ఆ మోతకు ముందూ వెనకా స్థానికంగా మాట చెప్పే మనిషి లేకపోతే స్వైప్ చేసి పక్కన పెట్టేస్తారు. పైగా పథకాల ప్రచారానికి వాడే మెసేజ్‌ల వరసలోనే హెచ్చరికనూ పంపితే, అదీ మరో ప్రచారమే అనుకుంటారు.

కాబట్టి ప్రచారం ఒక దారిన, హెచ్చరిక వేరే దారిన నడవాలి. హెచ్చరిక మీద ఏ నాయకుడి ఫొటో వద్దు. ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అన్న వాక్యాన్ని ఇకనైనా పక్కన పెట్టాలి. తన వీధి లోతట్టు అని ఎవరూ అనుకోరు. వీధి పేరు, ఎన్ని గంటల్లోపు ఖాళీ చేయాలి, ఏ స్కూలుకు వెళ్లాలి, మంచం దిగలేనివాళ్లను తీసుకెళ్లడానికి ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి చెప్పాలి.

వెలగలేరు దగ్గర ఎన్ని అడుగులైతే మొదటి హెచ్చరికో, రెండోదో, మూడోదో ప్రకటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ కాలనీల గోడలే చూపించాయి. వీధివీధినా కరెంటు స్తంభానికి ఆ ఎత్తున గీత గీసి, పక్కనే ఈ మూడు అంకెలూ రాయాలి. ఏటా జూన్‌లో వానలు మొదలయ్యేలోపు వార్డు సచివాలయం సిబ్బంది ఇంటింటికీ తిరిగి వాటి అర్థం చెప్పాలి. ఆ పని మొదలుపెట్టాల్సింది ఇరిగేషన్, మున్సిపల్, రెవెన్యూ శాఖలు, అదీ కలిసి.