సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి

దేశ ప్రగతిని కొలిచి కొలిచి తల నెరిసిన ఒక గణాంకాధికారికి తిరుపతిలో సన్మానం జరిగింది. శాలువా కప్పారు, గజమాల వేశారు, శ్రీవారి పటం చేతికిచ్చారు. ప్రజల సంతోషాన్ని అంకెల్లో పెట్టిన మహానుభావుడని వక్తలు పొగిడారు. ఎలా పెట్టారో మీకు తెలియనిది కాదు. అన్నానికి కూర్చోగానే సర్కారు ఫోను మోగుతుంది. తేనె పూసిన గొంతొకటి 'సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకుంటే రెండు నొక్కండి' అంటుంది. సాంబారు వేలు దేనిమీద పడితే అదే మీ సంతృప్తి.

ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు ఇంత సౌకర్యం లేదు పాపం. దిగుబడి తేల్చే పంట కోత ప్రయోగమంటే వరి మడిలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి, తాడు కట్టి, ఆ గడిలోని పైరు కోయించి, నూర్పించి, గింజలు తూకం వేయాలి. ప్యాంటుకు బురద అంటేది, అంకెకు అంటేది కాదు.

2025 మామిడి సీజనులో చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఈ ఫోను మోగిందనుకోండి. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. తోతాపురి కాయలు ఎండకు మెత్తబడి రసం కారుతున్నాయి. ట్రాక్టరు నీడన పడుకున్న రైతు ఫోనెత్తాడు. నిజానికి ఆయన వల్ల దేశం ముందుకే పోతోంది. లైనులో ఉన్నన్నాళ్లూ టిఫిను కొంటున్నాడు, టీ తాగుతున్నాడు, ట్రాక్టరుకు బాడుగ కడుతున్నాడు. అన్నీ జాతీయాదాయానికి చలవే. కాయ కుళ్లితే కుళ్లనీ, దిగుబడి లెక్కలో ఎప్పుడో చేరిపోయింది! ఇలాంటి లెక్కతో జనం బాగోగులు తేలవని, అమెరికా జాతీయాదాయాన్ని లెక్కగట్టిన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా కాంగ్రెసుకు రాసిచ్చాడు. అందుకే కాబోలు, మనవాళ్లు నేరుగా జనానికే ఫోను చేస్తున్నారు. రైతు రెండు నొక్కాడు. 'ధన్యవాదాలు' అంది గొంతు. ఎందుకని అడగలేదు.

అడగకపోవడం ఒక ఎత్తు, అడిగి దాచడం మరో ఎత్తు. 2017-18లో ఇల్లిల్లూ తిరిగి, ఏం తిన్నారు, ఏం కొన్నారని రాసుకొచ్చిన వినియోగ సర్వేను నాణ్యత లేదంటూ 2019లో కేంద్రం అటకెక్కించింది. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలను 2027కు నెట్టింది. మనుషులెందరో లెక్క తేలదు, వాళ్లలో ఇంత శాతం ఆనందంగా ఉన్నారట! సిగ్గుండాలి.

ఆ తోతాపురి మామిడికి కిలోకు 12 రూపాయలన్నారు. 8 ఫ్యాక్టరీ ఇస్తుందని, 4 ప్రభుత్వం వేస్తుందని చెప్పారు. ఆ ఎనిమిదే ఇవ్వడం లేదని రైతులు రోడ్డెక్కారు. గేటు దాటిన ప్రతి ట్రాక్టరుకూ ఎంత ముట్టిందో, ఎన్నాళ్లకు ముట్టిందో చిత్తూరులో ఏ ఫైలులోనైనా రాసి ఉంటే బయట పెట్టండి. మాకు ఫోను చేయనక్కర్లేదు.