రామప్పకు లెక్కలు వేయలేదని ఎవరన్నారు?

ఈ మధ్య మన ఓరుగల్లు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: "రామప్ప గుడి ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడింది. దానికి ఏ ఇంజనీరు లెక్కలు వేశాడు? ఇప్పుడు చిన్న ఇంటికి కూడా స్ట్రక్చరల్ డిజైన్ అని డబ్బులు గుంజుతున్నారు. మంచి మేస్త్రీ, నాలుగు రాడ్లు ఎక్కువ, మంచి కంపెనీ సిమెంటు, అంతే చాలు. 2024 డిసెంబరు భూకంపానికి మన ఇళ్లకు ఏమైంది? ఏమీ కాలేదు."

ఇంట్లో ఏ పిల్లర్, ఏ బీమ్ ఎంత బరువు మోయాలో తేల్చేవే ఈ స్ట్రక్చరల్ లెక్కలు. హనుమకొండ చుట్టుపక్కల ఇళ్లకు వాటిని వేయడమే నా పని. నా లాభం కోసమే రాస్తున్నానని అనుకునేవాళ్లు ఉండొచ్చు. అనుకున్నా సరే, మెసేజ్‌లోని ఒక్కో మాటనూ నాతోపాటు పరీక్షించి చూడండి.

ముందు రామప్ప సంగతి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడి అది. లెక్క అంటే కాగితం మీద అంకెలే అనుకుంటే, ఆ కాగితం మన చేతిలో లేదు, నిజమే. కానీ లెక్క రాతిలోనే కనబడుతుంది. రాయిని నొక్కితే ఎంత బరువైనా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం తొందరగా పగులుతుంది. రాతి దూలాన్ని రెండు స్తంభాల మీద పెడితే దాని పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. పగులు మొదలయ్యేది ఆ అడుగునే. దూలం పొడవు రెట్టింపు చేశారనుకోండి, ఒక్కో అడుగు పొడవు మీద పడే బరువు అంతే ఉన్నా, మధ్యలో వంచే బలం నాలుగు రెట్లవుతుంది. ఇంజనీర్లు బెండింగ్ మూమెంట్ అనేది దీన్నే. అందుకే కాకతీయుల శిల్పులు దూలాలు పొట్టిగా పెట్టి, స్తంభాలు దగ్గర దగ్గరగా నిలిపారు. స్తంభం నెత్తిన నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన రాతి దిమ్మె ఆ దూరాన్ని ఇంకాస్త తగ్గిస్తుంది. ఈసారి వేయిస్తంభాల గుడికి పోయినప్పుడు శిల్పాలతోపాటు స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడం కూడా చూడండి. అన్ని స్తంభాలు ఎందుకు కావలసి వచ్చాయో అక్కడే తెలుస్తుంది.

రామప్ప శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద గుడిని నిలిపారు. పైన బరువు తగ్గించాలి, కింద నేల ఆ బరువును ఓర్చుకోవాలి. మేం ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని కూడా ఇదే. అంటే రామప్పను చూపించి లెక్కలు వద్దనడం ఆ శిల్పుల తెలివిని తక్కువ చేయడమే. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఇంకో మాట. నిలబడ్డవాటినే చూసి పాతవన్నీ గట్టివి అనుకుంటాం. అదే రామప్పలో రంగమండపం నేల ఎత్తుపల్లాలుగా కుంగి ఉంటుంది, అడుగు వేస్తే కాలికే తెలుస్తుంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, పునాది నుంచి మళ్లీ కట్టాల్సి వచ్చింది. అది తిరిగి తెరుచుకున్నది 2024లో.

ఇక "మంచి మేస్త్రీ చాలు" అన్న మాట. మేస్త్రీల మీద నాకు చాలా గౌరవం. స్లాబ్ కింద ఆసరాగా కట్టే సెంట్రింగ్ ఎక్కడ వదులుగా ఉందో కాలితో తొక్కి చెప్పేవాళ్లు ఉన్నారు. అయితే చేతి అనుభవం ఒక్కోసారి తప్పు దారి పట్టిస్తుంది. మా చిన్నాయన ఇంటికి రెండో స్లాబ్ పోసే రోజు పొద్దున్నే పోయాను. నాలుగడుగుల బాల్కనీ. డ్రాయింగ్‌లో రాడ్లు పైన ఉండాలని గీశాను. అక్కడ చూస్తే రాడ్ల జాలీ అంతా సెంట్రింగ్ షీటుకు అంటుకుని ఉంది. రాడ్లను ఎత్తి పట్టాల్సిన కుర్చీలు తీసి ఓ మూలకు పెట్టారు. అడిగితే మేస్త్రీ నిదానంగానే చెప్పాడు: "సారూ, ఇరవై ఏండ్ల సంది స్లాబులు పోస్తున్న. రాడు కిందుంటెనే గదా మోసేది."

గది స్లాబ్ విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. రెండు పక్కలా ఆనిన స్లాబ్ మధ్యలో కిందికి వంగుతుంది, అడుగున సాగుతుంది, కాబట్టి రాడ్ అడుగునే ఉండాలి. బాల్కనీకి ఆనిక ఒక్క పక్కే. అక్కడే ఉన్న ఎండు వేప పుల్ల తీసుకున్నాం. ముందు రెండు కొసలూ ఇటుకల మీద ఆనించి మధ్యలో నొక్కితే అడుగున చిట్లింది. తర్వాత ఇంకో పుల్ల ఒక కొసను బండ కింద ఇరికించి రెండో కొసను కిందికి నొక్కితే బెరడు పైన విచ్చుకుంది, అదీ బండకు ఆనుకున్న చోటే. మేస్త్రీ ఆ పుల్లను రెండుసార్లు తిప్పి చూశాడు. "అయితే రాడు పైకి రావాలె" అని తనే అని, కూలీలను పిలిచి కుర్చీలు మళ్లీ పెట్టించాడు. స్లాబ్ గంటన్నర ఆలస్యమైంది. కాంక్రీటుకు కూడా లాగితే ఓర్చుకునే శక్తి తక్కువే. రాడ్ అడుగున పడి ఉంటే ఆ బాల్కనీని పట్టుకోవడానికి పైన ఏమీ ఉండేది కాదు. చిన్నాయన పొద్దున టీ తాగేది ఆ బాల్కనీలోనే.

"నాలుగు రాడ్లు ఎక్కువ వేస్తే సరి" అన్నదీ ఇక్కడే వీగిపోతుంది. ఉండాల్సిన చోట లేని రాడ్ ఎన్ని కిలోలైనా పనికిరాదు. పైగా ఎక్కువైనా ముప్పే. సరిపడా స్టీలున్న బీమ్ మీద మోయలేని బరువు పడితే ముందు రాడ్ సాగుతుంది, బీమ్ కుంగుతుంది, పగుళ్లు కనబడతాయి, బయటికి పరుగెత్తే వ్యవధి దొరుకుతుంది. స్టీలు మరీ ఎక్కువైతే రాడ్ సాగకముందే పైనున్న కాంక్రీటు నలిగి ఒక్కసారిగా కూలుతుంది. బీమ్‌లో సాగే వైపు స్టీలు బీమ్ అడ్డుకోత వైశాల్యంలో 4 శాతం దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ గీత గీసింది. అంతదాకా పోకముందే రాడ్ల మధ్య కంకర దిగక లోపల బోలు మిగులుతుంది. బలం కావాలంటే బీమ్ లోతు చూడండి. స్కూలు పిల్లల స్కేలును బల్లపరుపుగా పట్టుకుని వంచండి, తర్వాత నిలువుగా పట్టుకుని వంచండి. ప్లాస్టిక్ అదే. వెడల్పు మందానికి పది రెట్లుంటే, నిలువుగా పట్టినప్పుడు వంగకుండా ఆగే గట్టితనం వంద రెట్లు.

సిమెంటు కంపెనీ గురించి ఎక్కువ చెప్పను. ఎంత మంచి కంపెనీదైనా నీళ్లు ఎక్కువ కలిపితే, తర్వాత తడపకపోతే బలం తగ్గుతుంది.

బరువుల లెక్క మాత్రం ప్రతి ఇంటి యజమానికీ తెలియాలి. పది అడుగులకు పది అడుగుల గదిపై అయిదంగుళాల స్లాబ్ ఒక్కటే దాదాపు 3 టన్నులు. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ సుమారు 4 టన్నులు. వెయ్యి లీటర్ల ట్యాంకులో నీళ్లే 1 టన్ను. ఇవన్నీ స్లాబ్ నుంచి బీమ్‌కు, బీమ్ నుంచి పిల్లర్‌కు, పిల్లర్ నుంచి దాని కింది పునాది దిమ్మె అయిన ఫుటింగ్‌కు, అక్కడి నుంచి నేలకు దిగాలి. కింద బీమ్ లేని చోట మేడ మీద గోడ లేపితే ఆ దారి తెగుతుంది. పక్కింటాయన డ్రాయింగ్ తెచ్చి కట్టినా ఇబ్బందే. ఆయనది చెల్క నేల, మీది నల్లరేగడి అయితే వానాకాలం ఉబ్బి, ఎండాకాలం నెర్రెలిచ్చే ఆ నేల మీద అదే ఫుటింగ్ ఆగదు.

చివరిది భూకంపం. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చింది. మా ఇంట్లో గిన్నెలు గలగలలాడాయి. మన వైపు అంతకంటే పెద్దదీ వచ్చింది, 1969లో భద్రాచలం దగ్గర 5.7. 2024లో తట్టుకున్న ఇల్లు అంతకంటే గట్టిగా, ఎక్కువసేపు ఊపితే తట్టుకుంటుందని దీంతో రుజువు కాదు. రోజూ బరువు పైనుంచి కిందికే పడుతుంది, భూకంపం ఇంటిని పక్కకు తోస్తుంది. ఎంత బరువుంటే అంత తోపు. కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా పిల్లర్లే వదిలిన ఇళ్లలో ఆ తోపంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. ఇప్పుడు కడుతున్నవాళ్లు పిల్లర్ పోయకముందే ఒకసారి దగ్గరికి పోయి, నిలువు రాడ్లను చుట్టి కట్టే రింగులు చూడండి. బీమ్ కలిసే చోట పైనా కిందా దగ్గరగా ఉండాలి. రింగు కొసలు ఎల్ ఆకారంలో వంచి వదిలేస్తే ఊగినప్పుడు రింగు విచ్చుకుంటుంది. 135 డిగ్రీలకు, లోపలి కాంక్రీటులోకి గుచ్చుకునేలా వంచాలి. అలా లేకపోతే కాంక్రీటు పోయడానికి పిల్లర్ చుట్టూ పెట్టే బాక్సు బిగించకముందే మేస్త్రీతో మళ్లీ వంపించండి, బిగించాక ఆ కొసలు కనబడవు.