జ్వాలాపురం రాతి పనిముట్టుకు జీఐ ట్యాగ్ ఏదీ?

బంగినపల్లి మామిడికి 2017లో జీఐ ట్యాగ్, అంటే ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అన్న ప్రభుత్వ గుర్తింపు, ఇచ్చారు, సంతోషం. కానీ ఆ బనగానపల్లె దగ్గరే, నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, మామిడి తోట అనే మాటే లేని రోజుల్లో రాతి పనిముట్ల తయారీ జోరుగా సాగిందన్న సంగతి ప్రభుత్వానికి పట్టదా? సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద ఎగిరొచ్చి జ్వాలాపురం ఉన్న ఈ జుర్రేరు లోయలో పడింది. తవ్వి చూస్తే బూడిద కింద పొరలో ఏ రకం పనిముట్లు ఉన్నాయో పై పొరలోనూ దాదాపు అవే. అంటే మనవాళ్ళు బూడిద దులుపుకుని మళ్ళీ పనిలో కూర్చున్నారన్నమాట. రెండు చినుకులు పడగానే సర్వర్ డౌన్ అనే ఆఫీసులు కాస్త సిగ్గుపడాలి.

మనవాళ్ళు అన్నానని పండితులు మీద పడొద్దు. వాళ్ళు అసలు మన మానవజాతేనా కాదా అన్న వాదన ఇంకా తేలలేదని నాకూ తెలుసు. గర్వపడటానికి అంత పరిశోధన దేనికండీ?

తమిళనాడు అడ్డుపడుతుంది, అదీ తెలుసు. 1863లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి ఆదిమానవుల రాతి చేతిగొడ్డలి దొరికింది మా పల్లావరంలోనే అంటారు, అత్తిరంపాక్కం గొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివంటారు. నిజమే, కాదనం. కానీ మన ఆంధ్రా నుంచి వెళ్ళి అక్కడి కొసస్థలైయారు నదిలో కలిసే నగరి నది నీళ్ళు ఎవరివి? అవసరమైతే ట్రిబ్యునల్‌కి వెళ్దాం.

చిక్కల్లా ఒక్కటే, ఈ సరుకు ఇప్పుడు ఎవరు తయారు చేస్తున్నారని అడుగుతారు. అందుకే మా పోరాట కమిటీ శిక్షణ మొదలుపెట్టింది. రాయి అంచు కోణం 90 డిగ్రీల లోపు ఉన్న చోటు వెతకాలి, గుండ్రాయితో ఆ అంచుకి కాస్త లోపలగా, బలంతో కాదు, ఒడుపుతో కొట్టాలి, అప్పుడు అడుగున ఆల్చిప్పలా వంపు తిరిగిన పెచ్చు ఊడుతుంది, దాని అంచు బ్లేడులా కోస్తుంది. పైగా ఒక దెబ్బ వేసేటప్పుడే తర్వాత వేయబోయే దెబ్బలు కూడా ఆలోచించి పెట్టుకోవాలి. ఈ చివరి మాట వినగానే కమిటీలో సగం మంది, ముఖ్యంగా రాజకీయ అనుభవం ఉన్నవాళ్ళు, లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు సాయంత్రం దాకా కొట్టి కంకర చేశారు.

దాన్ని ఓ రోడ్డు కాంట్రాక్టరు వెంటనే ట్రాక్టర్లో ఎత్తించుకెళ్ళాడు, ట్యాగ్ ఉందా అని కూడా అడగలేదు.