మత్స్యకారుడి సీసాకూ విలువ ఉండాలి

2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో చేపలు కుప్పలు తెప్పలుగా చచ్చి తేలాయి. పిల్లల్ని వదిలి, ఎదిగేదాకా కాపు కాసి, ఇక వల వేయడమే తరువాయి అనుకున్న మత్స్యకారులకు కుళ్లిన చేపల్ని ఒడ్డుకు లాగే పని మిగిలింది. పటాన్‌చెరు పరిసర పల్లెలకు ఈ దృశ్యం కొత్త కాదు. లోకమంతా వాన కోసం ఎదురుచూస్తే ఇక్కడివారు వానంటే బెదురుతారు. వరద నీటి మాటున ఫ్యాక్టరీల వ్యర్థాలను వాగుల్లోకి వదిలేస్తున్నారన్నది వారు ఏళ్ల తరబడి పెట్టుకుంటున్న మొర. ఇవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. ఇస్కవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. పైన పడిన విషం పడినచోటే ఆగదు.

ఈ నీటి కోసం పౌరులు చేసిన పోరాటానికి మూడున్నర దశాబ్దాలు నిండాయి. 1970ల్లో వెలిసిన పారిశ్రామికవాడ వెనుకే కాలుష్యమూ వచ్చింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్ రావు రోగుల నాడితోపాటు ఊరి నీళ్లనూ పట్టించుకోవలసి వచ్చింది. రైతులను, యువకులను ఆయన కూడగట్టారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఆ వ్యాజ్యం అక్కడి నుంచి హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు నడిచింది. కేసు వేసిన నాటికి పుట్టిన పిల్లలు ఈ రోజు తల్లిదండ్రులయ్యారు. ఇంత ఓపిక పట్టిన ప్రజలను అభివృద్ధి నిరోధకులు అనే నోళ్లు ఇంకా ఉన్నందుకు మేము బాధపడుతున్నాం.

ఆ ప్రజల మాట ఎంత నిజమో 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన ప్రపంచానికి చాటింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థ జలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని, అంటే శుద్ధి చేశామని వదిలే నీటినే, వారు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మందు తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. ఒక్క రోజులో ఆ నీటితో పోయే సిప్రోఫ్లాక్సాసిన్ 45 కిలోలని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడే మందుతో అది సమానమని వారు లెక్క కట్టారు. 2009లో వెలువడిన మరో అధ్యయనం ఈ ప్రాంతపు చెరువుల్లోనే లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు అదే మందును గుర్తించింది. నిత్యం మందులో నానే సూక్ష్మజీవుల్లో దానికి లొంగనివే బతికి బట్టకడతాయి. రేపు ఏ ఆసుపత్రిలోనో పసిబిడ్డకు జ్వరం తగ్గకపోతే, దాని మూలాలు ఇలాంటి చెరువులో ఉండవచ్చు.

ఇంత తెలిశాక ప్రభుత్వం ఏం చేసింది? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాల్లో 121 యాంటీబయోటిక్స్‌కు పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. కాబట్టి నేడు ఫ్యాక్టరీ వదిలే నీటిలో యాంటీబయోటిక్స్ నిండా ఉన్నా, మిగతా అంకెలు సరిపోతే కాగితం మీద ఆ నీరు నిబంధనలకు లోబడినట్టే. దీన్ని మేము పొరపాటు అనలేం. జనం ఆరోగ్యం కన్నా పరిశ్రమ వెసులుబాటే ముఖ్యమని తీసుకున్న నిర్ణయం అది. మందుల పరిశ్రమ వేల కుటుంబాలకు అన్నం పెడుతోంది, కాదనం. పక్క ఊరి చెరువును పణంగా పెట్టి ఆ అన్నం వండనక్కరలేదు.

ఢిల్లీ వదిలేసినంత మాత్రాన హైదరాబాద్ చేతులు కట్టుకోనవసరం లేదు. జాతీయ ప్రమాణాలకన్నా కఠినమైనవి నిర్దేశించే అధికారం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనలే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లకు ఇచ్చాయి. తెలంగాణ మండలి ఆ అధికారాన్ని వాడి యాంటీబయోటిక్స్‌కు పరిమితి విధించాలి.

మరో చిక్కు ఉంది. సామాన్యులకు పెద్దగా తెలియని ఈ చిక్కే పౌర సంఘాల కాళ్లకు అడ్డం పడుతోంది. 1974 నాటి జల కాలుష్య చట్టానికి 1988లో చేసిన సవరణ వల్ల, 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఏ పౌరుడైనా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. అడిగితే మండలి తన దగ్గరున్న నివేదికలనూ ఇవ్వాలి. కానీ అదే చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ వ్యర్థ జలాల నమూనా సాక్ష్యంగా నిలవాలంటే మండలి అధికారులే తీయాలి, యజమానికి నోటీసు ఇవ్వాలి, రెండు భాగాలు చేసి ముద్ర వేయాలి. అర్ధరాత్రి కాలువలో నురగ కనిపించి, పరుగున వెళ్లి మత్స్యకారుడు పట్టుకున్న సీసా నీళ్లకు ఆ విలువ లేదు. అధికారి వచ్చేసరికి వాగు నీరు మారిపోయి ఉంటుంది. ఫిర్యాదు చేసే హక్కు చేతికిచ్చి, రుజువు మాత్రం అధికారి దయకు వదిలారు.

చట్టం మారేదాకా ఆగకుండా మండలి చేయగలిగినది చాలా ఉంది. ప్రతి చెరువుకూ మత్స్య సహకార సంఘం, పంచాయతీ, పౌర సంఘం ప్రతినిధులతో ఒక బృందాన్ని గుర్తించి నమూనా తీయడంలో శిక్షణ, సీలు వేసే సీసాలు ఇవ్వాలి. ఫోను అందిన కొద్ది గంటల్లోనే, రాత్రయినా సరే, అధికారి చెరువు దగ్గర ఉండాలి. ఫలితాలను తెలుగులో పంచాయతీ గోడ మీద అంటించాలి. ఏటా ప్రజాధనంతో చేపపిల్లలను చెరువుల్లో వదులుతున్న ప్రభుత్వం, వాటిని వదిలే ముందు ఆ నీళ్లలో అవి బతుకుతాయో లేదో చూడాలి. వచ్చే వానలకు ముందే ఈ పని మొదలుపెట్టాలి. మొదటి సీసాలు గండిగూడెం మత్స్యకారులకు అందాలి.