పసికందుకు హెపారిన్: డోసు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న

నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో (ఎన్‌ఐసీయూ) బిడ్డ కాలు రంగు మారినా, అల్ట్రాసౌండ్‌లో రక్తపు గడ్డ కనిపించినా, చర్చంతా రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు ఎంత ఇవ్వాలన్న దాని చుట్టూనే తిరుగుతుంది. అసలు చూడాల్సింది అంతకు ముందే, బొడ్డు రక్తనాళంలో ఉన్న లైన్‌ను, అంటే అందులోకి పెట్టిన సన్నని గొట్టాన్ని (కాథెటర్). నవజాత శిశువుల్లో గడ్డలు ఎక్కువగా కట్టేది కాథెటర్ల వల్లే. ఈ లైన్ ఇవాళ కూడా అవసరమా అని రోజూ రౌండ్స్‌లో అడగడం, అవసరం తీరిన పూటే తీసేయడం ఏ మందుకన్నా మేలని నా నమ్మకం. ఒకసారి గడ్డ కట్టాక మాత్రం తొందరపడి లైన్‌ను లాగేయకూడదు. గడ్డ ఊడి మరోచోటికి కొట్టుకుపోవచ్చు. అందుకే చాలాసార్లు కొన్ని రోజులు మందు ఇచ్చాకే తీస్తారు.

ఆ మందే చిక్కు. పుట్టినప్పుడు విటమిన్ కె మీద ఆధారపడే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు (రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు) పెద్దలతో పోలిస్తే సుమారు సగమే ఉంటాయి. గడ్డకట్టడాన్ని అదుపు చేసే యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సి కూడా తక్కువే. రెండు పక్కలా తక్కువే కాబట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఇబ్బంది రాదు. ఇన్ఫెక్షన్ సోకినా, ఆక్సిజన్ తగ్గినా ఆ సమతూకం ఎటైనా ఒరుగుతుంది. కెనడా వైద్యురాలు మౌరీన్ ఆండ్రూ బృందం 1980ల్లోనే వీటిని వయసువారీగా కొలిచి చూపింది. అయినా పెద్దల ప్రమాణాలతో పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పరీక్షలు) చూసి, రక్తస్రావమే లేని బిడ్డకు ప్లాస్మా ఎక్కించడం కనిపిస్తూనే ఉంది. అది నాకు బాధ కలిగిస్తుంది.

హెపారిన్ పనిచేసేది యాంటీథ్రాంబిన్ ద్వారానే. అది తక్కువగా ఉన్న బిడ్డకు కిలోకు పెద్దలకన్నా ఎక్కువ మందు కావాలి. హెపారిన్‌లోనే ఒక రకమైన ఎనోక్సాపారిన్ రెండు నెలల లోపు కిలోకు 1.5 మిల్లీగ్రాములతో, ఆ పైన 1 మిల్లీగ్రాముతో, 12 గంటలకోసారి మొదలుపెడతారు. నెలలు నిండని బిడ్డకేమో తొలి రోజుల్లోనే మెదడులో రక్తస్రావం ముప్పు ఎక్కువ. రక్తంలో ఈ మందు ప్రభావం ఎంతుందో చెప్పే యాంటీ-10ఏ స్థాయి చూసి డోసు సరిచేద్దామంటే, కిలో బరువున్న బిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే 90 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. పరీక్షకు తీసే ప్రతి చుక్కా లెక్కలోకి వస్తుంది.

లైన్ మూసుకుపోకుండా వాడే కొద్దిపాటి హెపారిన్‌తోనూ ప్రాణాలు పోయాయి. 2006లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో, మిల్లీలీటరుకు 10 యూనిట్ల సీసాలు ఉండాల్సిన చోట 10,000 యూనిట్లవి చేరాయి. రెండింటి లేబుళ్లూ నీలం రంగువే. ముగ్గురు పసికందులు చనిపోయారు. నర్సును జాగ్రత్తగా ఉండమని చెబితే సరిపోదు. పెద్దల సీసాలు ఎన్‌ఐసీయూ అల్మరాలో అసలు ఉండకూడదు, పిల్లల డోసు ఫార్మసీ నుంచే సిరంజిలో నింపి రావాలి.