చెక్కు అసలుదే, డబ్బులే లేవు

మూడేళ్ల కిందట మా బావమరిది విజయవాడ ఆటోనగర్‌లో తన పాత లారీ అమ్మాడు. 9 లక్షల 40 వేలకు బేరం తెగింది. కొన్న మనిషి 40 వేలు చేతిలో పెట్టి, మిగతా 9 లక్షలకు చెక్కు రాశాడు. మావాడు అంత తేలిగ్గా మోసపోయే రకం కాదు. చెక్కును షెడ్డు బయటికి తెచ్చి ఎండకు ఎత్తి చూశాడు. కాగితం లోపల ‘సీటీఎస్ ఇండియా’ అన్న నీటిముద్ర (చెక్కు బొమ్మ తీసి పంపి క్లియర్ చేసే బ్యాంకుల పద్ధతి పేరే సీటీఎస్) స్పష్టంగా కనిపించింది. అవతలి మనిషి ఇంకో అడుగు ముందుకేసి, పాజిటివ్ పే కూడా చేశానని, అంటే చెక్కు వివరాలు బ్యాంకుకు ముందే చెప్పానని, ఫోన్ తీసి చూపించాడు.

చెక్కు బ్యాంకులో వేసిన మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్. “బావా, డబ్బులు పడ్డాయి, యాప్‌లో కనిపిస్తున్నాయి.” ఆ మాట మీదే తాళాలు, ఆర్సీ, బండి పేరు మార్చుకోవడానికి సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు ఇచ్చేశాడు. మధ్యాహ్నం భోజనం చేస్తుండగా ఇంకో మెసేజ్ వచ్చింది. పడిన 9 లక్షలు వెనక్కి పోయాయి, పైగా రిటర్న్ ఛార్జీ కోశారు. కారణం: ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్, అంటే రాసినవాడి ఖాతాలో సరిపడా డబ్బు లేదు. అప్పటికే లారీ ఊరు దాటిపోయింది.

ఇందులో దొంగ చెక్కు లేదు, దొంగ సంతకం లేదు. చూడాల్సినవన్నీ చూశాడు. కాకపోతే చూసిందంతా కాగితాన్నే.

చెక్కు తీసుకునేవాడికి రెండు అనుమానాలుంటాయి. ఇది అసలుదేనా? దీని వెనక డబ్బుందా? మొదటిదానికి జవాబు చాలావరకు కాగితం మీదే దొరుకుతుంది. సీటీఎస్ 2010 ప్రమాణం ప్రకారం అచ్చయిన చెక్కులో నీటిముద్ర ఉంటుంది. జిరాక్స్ తీస్తే, మామూలుగా కంటికి ఆనని ‘వాయిడ్’ అన్న అక్షరాలు కాపీలో బయటపడతాయి. అతినీలలోహిత దీపం కింద పెడితే బ్యాంకు లోగో వెలుగుతుంది. అడుగున ఉన్న అంకెల పట్టీలో చెక్కు నంబరు తర్వాత యంత్రం చదివే 9 అంకెల ఎంఐసీఆర్ కోడ్ ఉంటుంది. అందులో మొదటి మూడూ ఊరివి, తర్వాతి మూడూ బ్యాంకువి, చివరి మూడూ శాఖవి. విజయవాడకు 520, గుంటూరుకు 522. 522002తో మొదలైతే గుంటూరులోని స్టేట్ బ్యాంకు అని అర్థం. పైన గుంటూరు బ్రాడీపేట శాఖ అని ఉండి కింద ఇంకో ఊరి అంకెలు కనిపిస్తే ఆగి అడగాల్సిందే. అంకెల్లో, పేరులో కొట్టివేతలు ఉన్నా అంతే. పక్కన సంతకం పెట్టినా సీటీఎస్‌లో దిద్దిన చెక్కు చెల్లదు, తేదీ విషయంలో తప్ప. శాఖకు ఫోన్ చేయాలనుకుంటే నంబరు బ్యాంకు వెబ్‌సైట్‌లో వెతుక్కోవాలి, చెక్కు ఇచ్చినవాడు చెప్పిన నంబరుకు చేస్తే ఎత్తేది వాడి మనిషే కావచ్చు.

రెండో అనుమానం దగ్గరికి వస్తే తలుపులన్నీ మూసుంటాయి. ఇంకొకరి ఖాతాలో ఎంతుందో బ్యాంకు చెప్పదు, చెప్పకూడదు కూడా. ఒకవేళ తెలిసిన మేనేజరు మాట సాయం చేసినా అది ఆ నిమిషం లెక్క. సాయంత్రానికి ఆ ఖాతా ఖాళీ చేయడానికి ఒక్క ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాన్ని ఖాతా నుంచి ఖాతాకు అప్పటికప్పుడే పంపే పద్ధతి) చాలు.

నాకు అసలు గుచ్చుకునేది ఇది. ఇన్నేళ్లలో చెక్కుల చుట్టూ కట్టిన రక్షణలు ఎవరి కోసం? నీటిముద్రలు, దీపాలు బ్యాంకు కోసం. 2021 జనవరి 1 నుంచి వచ్చిన పాజిటివ్ పే చెక్కు రాసినవాడి కోసం. 50 వేలు, ఆపైన చెక్కులకు నంబరు, తేదీ, ఎవరి పేరున, ఎంత అన్నది అతను ముందే బ్యాంకుకు చెబితే, క్లియరింగ్‌కు వచ్చినప్పుడు సరిపోల్చుకుంటారు. 5 లక్షలు, ఆపైన అయితే దాన్ని తప్పనిసరి చేసుకునే వీలు బ్యాంకులకు ఇచ్చారు. అతని చెక్కును ఎవరో దిద్ది డబ్బు లాగేయకుండా అది కాపాడుతుంది. మంచిదే. కానీ దానివల్ల ఖాతాలో ఒక్క రూపాయి కూడా ఆగి ఉండదు. చెక్కు పుచ్చుకునే రైతుకు, లారీ అమ్ముకునేవాడికి అందులో ఒరిగేది తక్కువ. ఒకప్పుడు బ్యాంకులు చెక్కు మీద ‘గుడ్ ఫర్ పేమెంట్’, అంటే డబ్బు చెల్లుతుంది అని రాసి ఇచ్చే పద్ధతి ఉండేది. అది మూలపడింది. ఇప్పుడు అడిగితే డీడీ (డిమాండ్ డ్రాఫ్ట్) తీసుకోమంటారు.

డీడీ నయమే, డబ్బు ముందే కట్టించుకుని ఇస్తారు కాబట్టి. అయితే దొంగ డీడీలూ ఉన్నాయి. 2018 సెప్టెంబర్ 15 నుంచి కొన్నవారి పేరు కూడా డీడీ మీద అచ్చవుతోంది. పేరు తేడాగా ఉంటే అడగండి.

గుంటూరు మిర్చి యార్డు వైపు చూస్తే చెక్కు అసలు స్వభావం ఇంకా బాగా తెలుస్తుంది. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపుతాడు, కాటా అవుతుంది, తక్‌పట్టీ (అమ్మకం లెక్క రాసిన చీటీ) చేతికొస్తుంది. సరుకు మాత్రం ఆ రోజే పోతుంది. డబ్బుకు బదులు పది రోజుల తర్వాతి తేదీ వేసిన చెక్కు ఇస్తే రైతు దాన్ని డబ్బు అనుకుని జేబులో పెట్టుకుంటాడు. ఆ కొన్నవాడే పది రోజులు అప్పు అడిగితే రైతు ప్రామిసరీ నోటు రాయించుకుంటాడు, సాక్షి సంతకం అడుగుతాడు, వడ్డీ మాట్లాడతాడు. రెండూ అప్పే. ఒకదానికి ఉన్న జాగ్రత్త ఇంకోదానికి ఎందుకుండదో నాకు అర్థం కాదు. బహుశా బ్యాంకు పేరు అచ్చయి ఉండటం వల్ల కావచ్చు.

“బౌన్స్ అయితే లోపలేయిస్తాం కదా” అనే ధైర్యం ఒకటుంది. 1989 ఏప్రిల్ నుంచి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138 సెక్షన్ అమల్లో ఉన్నమాట నిజమే. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. సంతకం తేడా అని వెనక్కి వచ్చినా ఆ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. కాని లెక్క తప్పకూడదు. తేదీ నుంచి మూడు నెలల్లోపు చెక్కు వేయాలి. వెనక్కొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందాక అవతలివాడికి 15 రోజుల గడువు. అదీ దాటాక నెలలోపు కేసు. నోటీసు ఆలస్యం చేసి, “అన్నా, వచ్చే సోమవారం ఇచ్చేస్తా” అన్న మాటలు వింటూ కూర్చుని కేసే పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

పోనీ చెక్కు వదిలేసి నగదే తీసుకుందామా అంటే పెద్ద మొత్తాల్లో కుదరదు. 2017 ఏప్రిల్ నుంచి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదన్న నిబంధన ఉంది. అందుకే నా ఓటు ఆర్టీజీఎస్‌కు. 2 లక్షల నుంచి మొదలు, 2020 డిసెంబర్ నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది. స్క్రీన్‌షాట్ చూసి కాదు, మన ఖాతా తెరిచి చూసుకున్నాకే సరుకు కదలాలి. చెక్కే గతి అయితే, యాప్‌లో కనిపించే మొత్తం బ్యాలెన్స్ కాకుండా వాడుకోదగ్గ బ్యాలెన్స్ ఎంతో చూడాలి, క్లియర్ అయిందా అని శాఖలో అడగాలి. 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కులు రోజంతా వరసగా క్లియరింగ్‌కు వెళ్తున్నాయి. అంటే ఎదురుచూడాల్సింది రోజులు కాదు, చాలావరకు గంటలే. ఆ గంటలు ఆగలేనంత తొందర కొనేవాడికి ఉంటే, ఆ తొందర గురించే ఆలోచించాలి.

రిజర్వ్ బ్యాంకు తలచుకుంటే ఇంకొకటి చేయొచ్చు. పాజిటివ్ పేలో నమోదైన చెక్కుకు, రాసినవాడు ఒప్పుకుంటే, ఆ మొత్తాన్ని ఖాతాలో పక్కన పెట్టి, పుచ్చుకునేవాడికి ఒక మెసేజ్ పంపడం. కొత్త షేర్లకు దరఖాస్తు చేస్తే ఖాతాలో డబ్బు బ్లాక్ చేసే పద్ధతి ఎప్పటి నుంచో నడుస్తూనే ఉంది. మిర్చి రైతుకు అది ఎందుకు కుదరదు?

మావాడి కేసు ఇంకా విజయవాడ కోర్టులో నడుస్తోంది. మొన్నటి వాయిదాకు నేనూ వెళ్లాను. ఫైల్లో రిటర్న్ మెమోతో కలిపి పిన్ను కొట్టిన ఆ చెక్కు కాస్త నలిగింది కానీ, కిటికీ వెలుతురులో ‘సీటీఎస్ ఇండియా’ మాత్రం ఇప్పటికీ చక్కగా కనిపిస్తోంది.