సబార్డినేట్ క్లాజుకు ప్రమోషన్ ఎప్పుడు?

ఆఫీసుల్లో పనంతా కిందివాళ్లు చేస్తారు, సంతకం పైవాడు పెడతాడు. ఇంగ్లీషు వాక్యంలోనూ ఇదే పద్ధతి నడుస్తోందనీ, ఈ అన్యాయం మీద ఇంతవరకూ ఒక్క ధర్నా అయినా జరగలేదనీ విచారంతో మనవి చేసుకుంటున్నాను.

ప్రభుత్వ ఉత్తరాల్లో పాతకాలపు మర్యాద ఒకటుంది: 'అయామ్ డైరెక్టెడ్ టు సే దట్...' వ్యాకరణం ప్రకారం మెయిన్ క్లాజు, అంటే వాక్యంలో పెద్దరికం చేసే ముక్క, అదే. నన్ను చెప్పమన్నారు, అంతే. ఏం చెప్పమన్నారో అందులో ఉండదు. మీ పెన్షన్ ఆగిపోయిందన్న అసలు కబురు 'దట్' వెనకాల సబార్డినేట్ క్లాజు, అంటే దాని కింద ఉండే ముక్క, మోసుకొస్తుంది. అయినా పుస్తకాలు దాన్నే 'సొంతంగా నిలబడలేనిది' అంటాయి. మోసేవాడే మాట పడటం మనకు కొత్తేమీ కాదనుకోండి.

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. మొన్న వాడు సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ అని మూడు రకాల ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పడుతుంటే పక్కన కూర్చున్నాను. 'ఇన్ స్పైట్ ఆఫ్ హిజ్ పావర్టీ హీ ఈజ్ ఆనెస్ట్' సింపుల్. 'దో హీ ఈజ్ పూర్, హీ ఈజ్ ఆనెస్ట్' కాంప్లెక్స్. 'హీ ఈజ్ పూర్ బట్ హీ ఈజ్ ఆనెస్ట్' కాంపౌండ్. ఈయన నాకు పాత పరిచయమే. నా చదువు రోజుల్లోనూ ఈ మూడు వాక్యాల్లోనే కాపురం ఉండేవాడు. వాక్యం మార్చినప్పుడల్లా ఇల్లు మారాడు గానీ పేదరికం పోలేదు. నిజాయితీ కూడా పోలేదు, బహుశా అదే కారణం.

"దో రాస్తే బట్ రాయకూడదు మావయ్యా."

"ఎందుకురా?"

"మార్కు పోతుంది."

వ్యాకరణ సూత్రం ఇంత క్లుప్తంగా పాణిని కూడా చెప్పలేదు. 'బట్' ఇద్దర్నీ సమానంగా పక్కపక్కన కూర్చోబెడుతుంది, 'దో' ఒకణ్ని ఇంకొకడి కింద కూర్చోబెడుతుంది, ఒకే మనిషికి రెండు సీట్లు ఎలా ఇస్తామని నేను వివరించబోయాను. అది పరీక్షకు రాదన్నాడు. ఆ వెంటనే రెండు తుమ్ములు తుమ్మాడు.

వంటింట్లోంచి మా అక్క అందుకుంది: "వాన పడుతుందని చెప్పినా వినకుండా గొడుగు వదిలేసి వెళ్లి తడిసొచ్చినవాడివి నువ్వేగా!"

వాడు తలదించుకున్నాడు. అంటే అర్థమైంది. ఒక 'అని', ఒక అప్యర్థకం ('చెప్పినా'), క్త్వార్థకాలు ('వదిలేసి', 'వెళ్లి') వరసగా, చివర్న సమాపక క్రియ, అంటే పూర్తి క్రియ, కూడా లేకుండా 'నువ్వేగా' అని వేలు చూపించి ముగించేసింది. మన క్రియ తోక మార్చుకుని ఎంత పనైనా కానిచ్చేస్తుంది: చెప్పి, చెప్తే, చెప్పినా, చెప్పిన. ఇంగ్లీషు సబార్డినేట్ క్లాజు దొరగారు అలా కాదు. ముందు 'ఇఫ్' అనో 'దో' అనో ఒక బంట్రోతు నడవాలి, వెనక సొంతంగా కర్త ఉండాలి, క్రియకు కాలం ఉండాలి. ఇంత హంగామా ఉండి కూడా సబార్డినేట్ హోదాయే! అదే మా అక్క వాక్యాన్ని పేపర్లో ఇచ్చి క్లాజులు విడగొట్టమంటే వాడు ఛాయిస్‌లో వదిలేస్తాడు.

రాత్రికి జ్వరం వచ్చింది. పొద్దున్నే లీవ్ లెటర్ రాశాడు. 'యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్.' ఫుల్‌స్టాప్, కింద సంతకం.

"మెయిన్ క్లాజు ఏదిరా?"

"లెక్చరర్‌కి తెలుసులే మావయ్యా" అని ముసుగు తన్నాడు.

రెండ్రోజులు సెలవు ఇచ్చారు.